ఐదోసారి పెట్టిన తీగ

ముప్పై ఏళ్ళు లిఫ్టుల రొదలో బతికిన మనిషికి చెవులు మొద్దుబారాలి. ఈయనకు మాత్రం పదునెక్కాయి. కింద నిలబడి ఒక్క క్షణం విని, ఆరో అంతస్తు మీదున్న కప్పీకి నూనె అయిపోయిందని చెప్పేసేవాడు. తోటివాళ్ళు చెవి మేస్త్రీ అని పేరు పెట్టారు. రిటైరయ్యాక ఉద్యోగం వదిలింది గానీ పేరు వదల్లేదు.

భార్య బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదిలో ఒక మూల ఆవిడ కుట్టుమిషను, ఇంకో మూల బట్టలు వేసి చూసుకునేవాళ్ళ కోసం కట్టిన తెర, మిగిలిన చోటంతా ఆయన కంప్యూటరూ, స్పీకర్లూ, తీగలూ. "కోడలొచ్చినా ఇంత చోటు ఇవ్వరేమో" అని ఆవిడ దెప్పుతుండేది. దెప్పినా, మంచి పాట మొదలైతే మిషను తొక్కడం ఆపేసి వినేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త తీగ తెచ్చినా, కొత్త స్పీకరు పెట్టె తెచ్చినా తెర పరీక్షకు నిలవాల్సిందే. ఆవిడ తెర వెనక కూర్చుని పాతదీ కొత్తదీ మార్చి మార్చి పెడుతుంది. ఎప్పుడు ఏది పెట్టిందో గుడ్డముక్క మీద సుద్దతో గుర్తు వేసుకుంటుంది. ఆయన ఇవతల కళ్ళు మూసుకుని విని, ఎలా ఉందో చెబుతాడు. గుడ్డముక్క చదివేది ఆఖరున. "డబ్బా మీద రాసింది చదివాక నా చెవిని నేనే నమ్మనే" అనేవాడు.

ఊరి లైబ్రరీలో చూపులేని వాళ్ళ కోసం ఒక వినే గది ఉంది. అక్కడి కంప్యూటరుకు తగిలించిన హార్డ్ డిస్కులో పుస్తకాలు చదివి రికార్డు చేసి పెట్టారు. కొన్ని నెలలుగా అందులో టప్పుటప్పుమని చప్పుడు. పదిమంది వచ్చే గదికి ఇప్పుడు పెద్ద టీచరమ్మ ఒక్కతే వస్తోంది. ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన ఆవిడ, చూపు పోయాక పుస్తకాలన్నీ అక్కడే వింటోంది. ఆవిడ కూడా తల పోటుతో మధ్యలోనే లేచిపోతోంది.

లైబ్రేరియను మేస్త్రీ దగ్గరకొచ్చి, "అన్నయ్యగారూ, ఎవరూ రాని గది ఎందుకంటున్నారు పైవాళ్ళు. సోమవారం చూడ్డానికొస్తారట. అప్పటికీ ఇలాగే ఉంటే స్టోర్‌రూమ్ చేసేస్తారు" అంది. శనివారం కంప్యూటరును సరంజామాతో సహా వాళ్ళింటికి పంపించింది.

మేస్త్రీ లోపం తీగదేనని తేల్చేశాడు. కంప్యూటరు పంపే అంకెలను శబ్దంగా మార్చే చిన్న సౌండు పెట్టె ఒకటుంది. దాన్ని నాలుగు కన్నాల హబ్బు అనే పెట్టె మీదుగా కంప్యూటరుకు కలిపేది ఎక్కడో ప్రింటరుకు వాడి పారేసిన యూఎస్‌బీ తీగ. అలాంటి తీగలంటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పైగా అలమరలో ఆయన నలభై రోజులు కూర్చుని తయారుచేసిన తీగ సిద్ధంగా ఉంది. లోపల మందపాటి రాగి, దాని మీద రేకు చుట్ట, పైన ఆవిడ స్వయంగా అల్లిన నీలం దారపు తొడుగు. ఆ తొడుగు అల్లేసరికి ఆవిడ వేళ్ళు బొబ్బలెక్కాయి.

"ఎలాగూ ఇదే పెడతారు, మళ్ళీ పరీక్ష ఎందుకండీ?" అంది ఆవిడ.

"మనదైతే మాత్రం? కూర్చో తెర వెనక."

ఆదివారం పొద్దున పరీక్ష మొదలైంది. ఒకే పుస్తకంలో ఒకే పేజీ, పదిసార్లు. మొదటిసారి టప్పుమంది. రెండోసారీ అంతే. నాలుగోసారికి మేస్త్రీ మొహం వేలాడేశాడు. ఐదోసారి పేజీ మొత్తం పాలమీగడలా సాగిపోయింది. "ఇదీ! ఇదే మన తీగ!" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తరువాత ఐదుసార్లూ మళ్ళీ పాత పాటే.

"చదువు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

ఆవిడ గుడ్డముక్క చేతిలోకి తీసుకుంది. ఐదో గుర్తు ప్రింటరు తీగది. నలభై రోజులు ఆయన ఆ రాగిని ఎలా ముద్దు చేసుకున్నాడో ఆవిడ చూసింది. ఒక్క గీత మార్చి చదివితే ఎవరికి తెలుస్తుంది? సుద్ద గీత, చీరకొంగుతో తుడిస్తే పోతుంది.

"ఐదోది..." అని ఆగింది. "ఐదోది ప్రింటరు తీగండీ."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడాయన నెమ్మదిగా, "మరి మిగతా అన్నిసార్లూ టప్పుమన్న ప్రింటరు తీగ ఐదోసారి మాత్రం ఎందుకు అనలేదు? ఐదోసారి ఏం చేశావో సరిగ్గా చెప్పు" అన్నాడు.

ఆవిడ నాలుక కరుచుకుంది. "మీరు ఆ నాలుగు కన్నాల పెట్టెలోనే గుచ్చమన్నారు కదా. ఆ సారి చేతికి అందలేదు. కంప్యూటరు వెనక ఉన్న కన్నంలో గుచ్చేశాను. ఎక్కడైతే ఏం, కన్నమేగా అనుకున్నా."

మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. దొంగ ఆ నాలుగు కన్నాల హబ్బు! సౌండు పెట్టే, పుస్తకాలున్న హార్డ్ డిస్కూ రెండూ ఆ హబ్బులోంచే కరెంటు లాక్కుంటున్నాయి. డిస్కు గట్టిగా లాగినప్పుడల్లా సౌండు పెట్టెకు ఊపిరి ఆగుతోంది. ఆయన డిస్కుకు సొంత కరెంటు ఉన్న కొత్త హబ్బు పెట్టి, సౌండు పెట్టెను కంప్యూటరు వెనక కన్నానికే కలిపాడు. ఆవిడను మళ్ళీ తెర వెనక కూర్చోబెట్టి మళ్ళీ పదిసార్లు విన్నాడు. ప్రింటరు తీగతోనూ చప్పుడు లేదు, నీలం తీగతోనూ లేదు. రెంటికీ తేడా కూడా లేదు. ఆఖరుసారి పెట్టిన నీలం తీగ అలాగే ఉండిపోయింది.

సోమవారం లైబ్రరీలో పైవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పెద్ద టీచరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పావుగంటైనా కదల్లేదు. "మేస్త్రీగారి కొత్త తీగ మహిమ!" అని వచ్చినవాళ్ళలో ఒకాయన నీలం తీగను వేలితో చూపించాడు.

ఊరుకుంటే ఆ పేరు ఆయనకే దక్కేది. "తీగది కాదండీ. పాత తీగతోనూ ఇలాగే వస్తుంది. నేనూ తీగదే తప్పనుకుని పొరబడ్డాను. హబ్బుది తప్పు. దాన్ని పట్టుకుంది మా ఆవిడ" అన్నాడు. పక్కనే ఉన్న ఆవిడ సిగ్గుతో గోడ వైపు తిరిగింది. వచ్చినవాళ్ళు గది ఉంచమని రాసి వెళ్ళారు.

మేస్త్రీ నీలం తీగ విప్పి పాతది పెట్టబోతుంటే పెద్ద టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీ నాయనా. ఈ అల్లిక పట్టుకుని వెళితే సౌండు పెట్టె స్విచ్చు చేతికి తగులుతోంది. ఇన్నాళ్ళూ ప్రతిసారీ ఎవరినో పిలవాల్సి వచ్చేది."

ఇంటికి నడుస్తూ మేస్త్రీ ఉన్నట్టుండి అన్నాడు. "నిన్న ఐదోది చదివేటప్పుడు ఆగావు."

"విన్నారా?"

"నీ గొంతు నాకు వినబడదా? మార్చి చెబుతావేమోనని భయపడ్డాను. నా మీద జాలితో నువ్వు మార్చి చెప్పుంటే నేను నమ్మేసి ఇంకేం అడిగేవాణ్ణి కాదు. హబ్బు అక్కడే ఉండేది, ఇవాళ ఆ గది మూసేసేవాళ్ళు."

బొబ్బలు మానుతున్న ఆవిడ చేతిని ఆయన నడివీధిలో పట్టుకున్నాడు. ఎప్పుడూ చెయ్యని పని. ఇల్లు చేరేదాకా వదల్లేదు.