నా బదిలీ ఆపడానికి వెళ్ళిన లారీ

నేను గవర్నమెంటు డాక్టర్ని. మొదట పంచాయతీ సమితి కింద, ఆ తర్వాత రాష్ట్రం కింద పనిచేసి రిటైరయ్యాను. హైదరాబాదులో ఫ్యాను కింద పెద్ద కుర్చీలో చాలాకాలమే కూర్చున్నాను కానీ, ఇప్పటికీ ఎవరైనా "ఎక్కడ పనిచేశారండీ?" అని అడిగితే నా నోటికి ముందు వచ్చేది ఆ ఊరి పేరే. గుంటూరు నుంచి ఒంగోలు వైపు వెళ్ళే రోడ్డు దిగి, పత్తి చేల మధ్య కాస్త దూరం పోతే వస్తుంది. ఎనభైల మొదట్లో అక్కడి ఆరోగ్య కేంద్రంలో నన్ను వేశారు. పాత పెంకుటిల్లు, కొన్ని ఇనప మంచాలు, ఒక కాంపౌండరు, ఒక నర్సమ్మ. పక్కనే మిరపకాయలు ఆరబోసే కల్లం. ఎండాకాలం మొదలైందంటే చాలు, గుండె చప్పుడు వినబోయి నేను తుమ్మేదాన్ని, రోగి తుమ్మేవాడు, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ ఘాటు ఎక్కడైనా సోకితే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

నా నోరు మంచిది కాదు. దాచుకోవడానికి ఇదేమీ రహస్యం కాదు, మా చుట్టాలంతా ఎరుగుదురు. ఆ ఊళ్ళో మాత్రం నా తిట్లకి గిరాకీ ఉండేది. ఒకరోజు నాకు ఒంట్లో బాగాలేక ఊరుకుంటే, ఒక ముసలాయన బయటికి పోయి, "ఇయ్యాల డాక్టరమ్మ నన్ను తిట్టలేదేందిరా? పెద్ద జబ్బేమన్నా చేసిందా ఏంది నాకు?" అని బెంగపెట్టుకున్నాడట. కాంపౌండరు వచ్చి చెబితే ఆయన్ని మళ్ళీ లోపలికి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి పంపాను. సంతోషంగా వెళ్ళాడు.

ఆ ఊళ్ళో నా అసలు శత్రువు పురుగుమందు. పత్తి కాయ పట్టే రోజులొస్తే పొద్దున లేచింది మొదలు మందు కొట్టడమే. కూలీలు స్ప్రేయరు వీపుకి తగిలించుకుని, ఉత్త చేత్తో మందు కలిపి, గాలికి ఎదురు నడుస్తూ కొట్టేవాళ్ళు. చెమట తుడుచుకోవడానికీ, అన్నం మూట కట్టుకోవడానికీ ఒకటే తువ్వాలు. ఎన్నిసార్లు చెప్పినా "ఏం కాదులేమ్మా" అనేవాళ్ళు. సాయంత్రానికి నోట్లో నురగ, ఊపిరాడక ఎగపోతలు, మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు. దానికి విరుగుడు అట్రోపిన్ ఇంజక్షను. వెంటనే ఇవ్వాలి, ఇస్తూనే ఉండాలి, పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి. గుంటూరు ఆసుపత్రి దాకా పోదామంటే దార్లోనే పోతారు. ఊళ్ళో డాక్టరుంటే మనిషి బతుకుతాడు, లేకపోతే లేదు.

అట్లానే ఒకామె మొగుణ్ణి మోసుకొచ్చారు. ఆమె చర్చి పక్క పేటలో కూలి మనిషి. మిరపకోతల్లో ముఠాకి ముందుండేది, మాట్లాడితే పక్క చేనుకి వినపడేది. మొగుడు మెతక మనిషి, మందు కొట్టడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. ఇంజక్షన్లు పడ్డాక అతనికి ఊపిరి కుదుటపడింది కానీ, మాట గాడి తప్పింది. గాలిలో లేని పత్తి ఏరుతూ, ఎప్పుడో పోయిన తండ్రితో కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఇంజక్షను మోతాదు ఎక్కితే అంతే, అట్లాగే మాట్లాడతారు. చుట్టాలకేం తెలుసు? "వీడికి గాలి సోకింది, ఇక్కడ లాభం లేదు, మంత్రం వేయిద్దాం" అని మంచం ఎత్తేశారు.

"దించండ్రా! ఇప్పుడు కదిలిస్తే శవాన్ని మోసుకుపోతారు!" అని అరిచాను.

ఎవరూ వినలేదు. అప్పుడు ఆమె వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "డాక్టరమ్మ ఇంకా తిడతందంటే మడిసి మీద ఆశ ఉందన్నమాట. తీసకపోయేవాళ్ళు నన్ను తొక్కుకుంటా పోండి, చూస్తా" అంది. మంచం దించారు. కొన్నాళ్ళకి అతను లేచి కూర్చుని గొడ్డుకారం వేసుకుని అన్నం తింటుంటే, ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఏం దాపరికం.

మరుసటి ఏడు పత్తి విత్తనాలు వేసే వేళకి నాకు వేరే చోటికి బదిలీ ఆర్డరు వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగికి బదిలీ కొత్తా? కానీ నా జాగాలోకి ఎవరినీ వెయ్యలేదు. అంటే మందు కొట్టే రోజులకి ఊళ్ళో డాక్టరుండరు. సంగతి తెలిసి సమితి ప్రెసిడెంటుగారు పరుగున వచ్చారు. పెద్ద మిరప రైతు, గొంతు ఇంకా పెద్దది.

"మీరు పెట్టె సర్దితే నా మీద ఒట్టేనమ్మా. మంత్రిగారు గుంటూరొస్తన్నారు. ఊరు ఊరంతా పోయి అడుగుతాం. ఎందుకాపడో చూద్దాం!"

మా వైపు అది మామూలే. బదిలీ ఆపాలంటే జనాన్ని వేసుకుని మంత్రి దగ్గరికి పోవాలి. వద్దండీ అన్నాను, వింటేగా! మిరప బస్తాలు తోలే లారీ తుడిచి జనాన్ని ఎక్కించారు. మంత్రిగారికివ్వడానికి వేటపాలెం నుంచి మంచి జీడిపప్పు తెప్పించారు. పెదకాకాని శివుడికి ప్రెసిడెంటుగారు మొక్కుకున్నారు, చర్చిలో ప్రార్థన చేశారు, మా కాంపౌండరు తన వంతు దువా చేసి మరీ లారీ ఎక్కాడు. అక్కడేం జరిగిందో తర్వాత అతనే నాకు అభినయించి చూపించాడు.

మంత్రిగారు తీరుబడిగానే ఉన్నారట. ప్రెసిడెంటుగారు మొదలెట్టి, "మా డాక్టరమ్మ దేవతండీ" అన్నారట. తర్వాత ఆ కూలి మనిషి ముందుకొచ్చింది. మొగుణ్ణి మంచం మీద తేవడం, గాలి సోకిందని జనం ఎత్తడం, నేను రెప్ప వాల్చకుండా కూర్చోవడం, ఒక్కటి వదలకుండా చెప్పిందట. చెబుతూ ఏడ్చింది, లారీలో వచ్చినవాళ్ళంతా ఏడ్చారు, మంత్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత గొప్ప డాక్టర్ని మారుమూల ఊళ్ళో పడేశారేంటయ్యా! ఇలాంటివాళ్ళు రాష్ట్రానికంతటికీ కావాలి" అని పక్కనున్న ఆఫీసర్ని కేకేశారట.

సాయంత్రం లారీ హారను మోగించుకుంటూ వచ్చింది. "పాత ఆర్డరు కొట్టేయించామమ్మా! హైదరాబాదు! పెద్దాఫీసు! రాష్ట్రానికే ఆఫీసరు!" అని ప్రెసిడెంటుగారు లారీ మీద నుంచే అరిచారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ కూలి మనిషి లారీ దిగుతూ ఒక కాలు కింద, ఒక కాలు పైన పెట్టి ఆగిపోయింది.

"అదేంది పెసిడెంటుగారా, మరి మనకెవురూ?"

చప్పట్లు ఆగిపోయాయి. ప్రెసిడెంటుగారు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "తెలివితక్కువ దద్దమ్మల్లారా, మిమ్మల్ని ఎవరు పొమ్మన్నారు!" అని నేను నోటికొచ్చినట్టల్లా తిట్టి, లోపలికి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

హైదరాబాదు వెళ్ళాక ఆ ఊరికి డాక్టర్ని వెయ్యమని కనబడిన ప్రతివాడినీ అడిగాను. "చూద్దాం మేడం" అనేవాళ్ళు. చూస్తుండగానే పత్తి కాయ పట్టింది. ఏదో పని మీద ప్రెసిడెంటుగారు హైదరాబాదు వచ్చి, నా ఎదురుగా కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత చెప్పారు. ఆమె మొగుడికి మళ్ళీ పురుగుమందు ఎక్కింది. ట్రాక్టరు మీద వేసుకుని గుంటూరు బయల్దేరారు. గుంటూరు పొలిమేర కనిపిస్తుండగా ప్రాణం పోయింది. ఆ రోజు నేను ఒక్క ఫైలూ ముట్టుకోలేదు.

మరుసటి ఏడు మా పైఅధికారితో కలిసి ఆ జిల్లా చూడటానికి వెళ్ళాను. ఆ ఊరికీ తీసుకెళ్ళాను. డాక్టరు కుర్చీ ఖాళీగానే ఉంది. జీపు చుట్టూ జనం మూగారు. ఆమె కూడా వచ్చింది, బోసి మెడతో, చిక్కి సగమై. మా అధికారి మంచాయనే. నన్ను నలుగురిలో సంతోషపెడదామనుకున్నారు కాబోలు, "ఈవిడ ఇక్కడున్నప్పుడు మిమ్మల్ని ఎలా చూసేవారమ్మా?" అని అడిగారు.

ప్రెసిడెంటుగారు నోరు తెరవబోయారు. ఆమె ఆయన కండువా పట్టుకుని వెనక్కి లాగి, ముందుకొచ్చి నిలబడింది.

"ఏం చూసుద్దయ్యా! ఒట్టి నోరు. సూది మందు ఇయ్యటం కూడా సరిగా రాదు. ఇట్టాంటామె మీ హైదరాబాదుకేం పనికొచ్చుద్ది? మాకాడికి తోలెయ్యండి, ఏదో మేం పడతాం."

వెనకనుంచి ఇంకో ఆడమనిషి, "అవునయ్యా, అసలు పనికిరాదు" అంది. ఆ వెనక మరొకామె. ప్రెసిడెంటుగారు కూడా తల దించుకుని, "మంచిది కాదండీ" అన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

మా అధికారి నా వైపు తిరిగి, "ఏంటి డాక్టరుగారూ, ఇక్కడ మీకింత చెడ్డపేరుందా!" అన్నారు.