తల్లితాడు మీద మూడు దారాలు

మొగిలమ్మ పుట్టింది నెక్కొండ అవతల, మిరపచేల నడుమ ఉన్న ఊళ్లో. చిన్నప్పుడు బావిలోకి తొంగి చూడమంటేనే ఆమెకు కళ్లు తిరిగేవి. అలాంటి పిల్లను తెచ్చి ధర్మసాగర్ రిజర్వాయర్‌లో చేపలు పట్టే సారంగపాణికిచ్చి పెళ్లి చేశారు. కొత్త కోడలిని పడవ ఎక్కమంటే ఒడ్డున చెప్పులు విడిచింది, నీళ్ల వంక చూసింది, మళ్లీ చెప్పులు తొడుక్కుని ఇంటికి నడిచింది. ఆ సంగతి చెప్పుకుని అత్తగారు పోయేదాకా నవ్వింది.

ఆ తర్వాత ఎలా నేర్చుకుందో ఏమో గానీ, ఇప్పుడు ఆ నీళ్లలో మొగిలమ్మలా తెడ్లు వేసేవాళ్లు లేరు. ఈ మాట నేను చెబుతున్నానే తప్ప కట్ట మీద కూర్చునే మగవాళ్లెవరూ ఒప్పుకోరు. వాళ్ల లెక్కలో చేపలు పట్టేది సారంగపాణి. ఆమె సారంగపాణి పెండ్లాం. పడవ దానంతటదే నడుస్తుందనుకుంటారు కాబోలు.

మిగతావాళ్లు వలలు వేస్తే సారంగపాణిది గాలం పని. అదీ ఒడ్డున కూర్చుని విసిరే గాలం కాదు, నడిచే పడవ వెనక లాక్కుపోయే గాలాలు. వాలుగ చేప పొద్దుటిపూట వేటాడుతుంది. ఒకరోజు పైపైన తిరుగుతుంది, ఒకరోజు లోతుకు దిగుతుంది. అది ఎక్కడుందో ముందే తెలియదు కాబట్టి మూడు లోతుల్లో మూడు ఎరలు ఉండాలి. అందుకని ఆయన ఒక లావు తాడుకు అయిదు కిలోల తూకం రాయి కట్టి నీళ్లలోకి వదిలేవాడు. దాన్ని తల్లితాడు అనేవాడు. బట్టలారేసుకునే క్లిప్పులతో దాని మీద మూడు చోట్ల మూడు గాలం దారాలు పట్టించేవాడు. ఒక్కో దారం చివర ఒక్కో పరక చేప ఎర. మూడు దారాల రెండో కొసలూ ఆయన కుడిచేతి మూడు వేళ్ల మీదుగా పోయేవి. వేళ్లు కోసుకుపోకుండా సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కునేవాడు. చేప పట్టగానే క్లిప్పు ఊడుతుంది, ఆ దారం ఉన్న వేలు అదురుతుంది. ఏ వేలో తెలిస్తే ఏ లోతో తెలిసినట్టే.

ఇదంతా వినడానికి బాగుంటుంది. చిక్కుపడకుండా చేయడమే కష్టం. దారాలన్నీ ఒకేసారి వదలకూడదు. ముందు ఒక ఎరను వెనక్కి పోనిచ్చి, క్లిప్పు పెట్టి, తాడు కొంచెం దించాలి, ఆ తర్వాతే రెండోది. కిందిది అన్నిటికన్నా ఎక్కువ వెనక ఉండాలి, పైది దగ్గరగా ఉండాలి. అప్పుడే కింద పడ్డ చేప పైకి లేచినా మిగతా ఎరల వెనకే లేస్తుంది. పడవ మలుపు తిరిగితే చాలా పెద్దగా తిరగాలి. అన్నిటికన్నా ముఖ్యం, పడవ ఆగకూడదు. ఆగిందా, వెనక సాగుతున్న ఎరలు మునిగి తల్లితాడును చుట్టుకుంటాయి. చేప పడ్డప్పుడు అసలే ఆగకూడదు. సారంగపాణి వెనక్కి తిరగకుండానే, "తెడ్డాపకు, తెడ్డాపకు" అని అరుస్తుండేవాడు. మొగిలమ్మ ఏనాడూ ఆపలేదు. ఆయన వీపు చూస్తూ, వీపు అవతల ఎగిరే చేపను సగం సగం చూస్తూ, లాగుతూనే ఉండేది.

పోయిన వానాకాలం తర్వాత ఒకరోజు కింది దారం నీళ్లను కోస్తూ పక్కకు పోవడం ఆమె కంట పడింది. ఆయన మాత్రం కదలకుండా కూర్చున్నాడు.

"ఓ అయ్యా, కిందిది గుంజుతాంది!" అంది.

"ఏది?" అన్నాడు, తన చేతి వంకే చూసుకుంటూ.

ఏ దారమో ఆయన ఆమెను అడగడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం పొగలు కక్కే చాయ గ్లాసు చేతికిస్తే ఆయన చల్లటి నీళ్ల గ్లాసులా పట్టుకున్నాడు. మర్నాడు లాక్కుపోయి దవాఖానాలో చూపించింది. షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయన్నారు. మందులు మానొద్దన్నారు, వేళ్లకు స్పర్శ మళ్లీ వస్తుందని మాత్రం ఎవరూ అనలేదు.

సారంగపాణి ఏడవలేదు, తిట్టలేదు. అదే ఆమెకు నచ్చలేదు. కేసముద్రం మార్కెట్‌లో పనిచేసే మేనల్లుడు శ్యాంసుందర్ ఫోన్ చేసి, పత్తి గోదాములో వాచ్‌మన్ పని ఉంది రమ్మంటే వెంటనే ఒప్పుకున్నాడు. "కూసున్న కాడ్నే జీతం. ఫికర్ లేదు" అన్నాడు. పడవ కొంటానని వెంకటయ్య ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని కబురు పెట్టాడు.

గోదాము గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఈయన, అద్దె గదిలో పప్పు ఉడికిస్తూ తను. మొగిలమ్మ ఆ బొమ్మను ఊహించుకోబోయింది, చేతకాలేదు. నీళ్లంటే భయపడ్డ మనిషికి ఇప్పుడు నీళ్లు లేకపోతే ఎలా బతకాలో తెలియడం లేదు.

"దారాలు నాకియ్యి. తెడ్లు నువ్వు వట్టు. తెడ్డుకు వేళ్లతోటి ఏం పని? భుజాలుంటే సాలు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. చివరికి ఆదివారం దాకా చూద్దామని, ఒక షరతు మీద దిగివచ్చాడు.

"కట్ట కనవడకముందే, తుమ్మచెట్ల మూల కాడ్నే జాగలు మారాలె. ఒడ్డుకు మాత్రం నేను దారాల కాడ్నే కూసొని రావాలె. నా చేతుల తెడ్లు జూస్తే ఆళ్లు ఏమంటరు?"

"ఏమన్నంటే అననియ్యి."

"నీకేం ఎర్క."

సరే అంది. మగవాడి పరువు బరువు ఆమెకు కొత్త కాదు, తూకం రాయి కన్నా ఎక్కువే ఉంటుంది.

ఇన్నేళ్లు చూసిన పనే కదా అనుకుంది గానీ, కళ్లకు తెలిసింది వేళ్లకు తెలియదని మొదటి రోజే అర్థమైంది. తొందరలో రెండు ఎరలు ఒకేసారి వదిలింది, అవి ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. తెడ్ల దగ్గర నుంచి ఆయన అరిచాడు. ఇటు నుంచి ఆమె అరిచింది. మలుపులో ఎలా తిరగాలో ఊరందరికీ పాఠం చెప్పిన పెద్దమనిషి, హన్మకొండ చౌరస్తాలో ఆటో తిప్పినట్టు పడవను ఒక్కచోటే తిప్పాడు. లోపలి వైపు దారాలన్నీ కుప్పపడ్డాయి.

"పెద్ద తిప్పు తిప్పయ్యా! నాకు జెప్పినవ్ గదా!"

"జెప్పుడు అల్కగుంటది, జేసుడే కష్టం" అన్నాడు, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

శనివారానికి ఇద్దరికీ పని కాస్త కుదిరింది. ఆరోజు పొద్దున్నే ఆమె నడిమి వేలు అదిరింది. క్లిప్పు ఊడింది. దారం ఒక్క క్షణం వదులై, వెంటనే బిగుసుకుంది. ఒంట్లో కరెంటు పాకినట్టయింది మొగిలమ్మకు. ఆమె నోరు తెరిచేలోపు వెనక తెడ్లు టపటపా పడ్డ చప్పుడు వినిపించింది. సారంగపాణి తెడ్లు వదిలేసి ఆమె భుజం మీదుగా దారాన్ని అందుకున్నాడు. పడవ ఆగింది. తల్లితాడు నిట్టనిలువుగా దిగింది, మిగతా రెండు ఎరలూ వచ్చి దాన్ని చుట్టుకున్నాయి, చేప వాటన్నిటినీ కలిపి ఒక ముడి చేసి, దారం తెంపుకుని పోయింది.

పొద్దెక్కేదాకా ఇద్దరూ ఆ ముడి విప్పుతూ కూర్చున్నారు. ఆయన వేళ్లకు దారం దొరకడం లేదు.

"నాతోని గాదు మొగిలీ. రేపు వెంకటయ్యకు ఇచ్చేద్దాం."

అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. చేప పోయినందుకు రాలేదు, ఈ మాటకు వచ్చింది.

"ఇన్నేండ్లు నీ ఎన్క కూసొని తెడ్లేసిన. గంత పెద్ద పెద్ద చేపలు వడ్డయి. ఒక్కటన్న నా చెయ్యికి తాకిందా? నాకు ఆశ ఉండదా? దారం ఎట్లుంటదో ఒక్కపారి వట్టుకొని సూడాలని నాకు ఉండదా? అయినా ఎన్నడన్న తెడ్లు ఇడ్సిన్నా?"

సారంగపాణి ఆమె ముఖంలోకి చూశాడు. ఆయనకు ఈ సంగతి నిజంగానే తెలియదు. తెడ్లు వేయడమంటే భుజాల పని అనుకున్నాడు. మనసును కూడా అణచుకోవాల్సిన పని అని ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. తలవంచుకుని మళ్లీ ముడి మీద పడ్డాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ బయలుదేరారు. వెంకటయ్య పడవ కోసం ఒడ్డున ఎదురుచూస్తానన్నాడు. ఇదే చివరిసారి అని ఆమె అనుకుంది. ఎరలు ఒక్కొక్కటీ తొందరపడకుండా వదిలింది. చాలాసేపు ఏమీ పడలేదు. మలుపు తిప్పి లోతు వైపు వస్తుండగా కింది దారం పట్టుకున్న వేలు ఒక్కసారిగా వంగిపోయింది.

తెడ్ల చప్పుడు ఆగలేదు. ఒకటి, మళ్లీ ఒకటి. మొగిలమ్మ మిగతా రెండు దారాలను పడవ అంచు మేకుకు తగిలించి రెండు చేతులతో లాగింది. చేప లోతు నుంచి వెనకాలే లేచింది, దేనికీ అడ్డం రాలేదు. ఒకసారి తిరిగి చూస్తే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి తెడ్లు వేస్తున్నాడు. చూస్తే ఆగలేనని తెలుసు కాబట్టి చూడటం మానుకున్నాడు. ఆమెకు ఆయన మీద జాలి, ప్రేమ, ఇంకేదో, అన్నీ కలిసి వచ్చాయి. కొక్కెం కర్రతో చేపను లోపలికి లాగేసరికి అది పడవలో సగం పొడవుంది.

తల్లితాడు పైకి చేది, దారాలు చుట్టి, తుమ్మచెట్ల మూల దగ్గర జాగా మారడానికి ఆమె లేవబోయింది.

"కూసో. పడవ ఊగుతాంది" అన్నాడు సారంగపాణి. తెడ్లు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. మూల దాటిపోయింది, కట్ట కనిపిస్తోంది, మనుషులు కనిపిస్తున్నారు. ఆయన భుజాలు నిటారుగా పెట్టుకుని లాగుతున్నాడు.

కట్ట మీద వాళ్లు ముందు చేపను చూశారు. తర్వాత తెడ్లను చూశారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. వెంకటయ్య నీళ్లలోకి దిగి పడవ ముక్కు పట్టుకున్నాడు.

"సారంగన్నా, అబ్బ, ఏం వాలుగనే! ఎంత లోతుల తాకింది?"

"నాకేం ఎర్క? దారం మీ వదినె చేతుల ఉండె. ఆమెనడుగు."

వెంకటయ్య ఇబ్బందిగా ఆమె వైపు తిరిగాడు. ఆ ఒడ్డున ఇన్నేళ్లలో మొగిలమ్మను ఎవరూ ఏదీ అడగలేదు.

"అయిదు బారల కాడ" అంది. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"మరి, పడవ?" అన్నాడు వెంకటయ్య, ఎవరి వైపు చూడాలో తెలియక.

సారంగపాణి తెడ్లు లోపలికి లాక్కుంటున్నాడు, తల ఎత్తలేదు.

"పడవ ఇయ్యం తమ్మీ" అంది మొగిలమ్మ. "రేపు పొద్దుగాల మాకు పనుంది."