ఇత్తడి మీదికి ద్రాక్షతీగ

మా మామగారు పోయిన దగ్గర్నుంచి అత్తయ్యగారు ఇంట్లో ఒంటరిగా ఉండలేరు. ఆయనకు గుండెపోటు వచ్చినప్పుడు ఇంట్లో ఆవిడొక్కరే ఉన్నారు. ఎంత కేకేసినా పక్కింటి టీవీ మోతలో ఎవరికీ వినపడలేదట. ఆ తర్వాత నేను కూరగాయలకని వీధి చివరిదాకా వెళ్ళొచ్చినా, ఆవిడ గుమ్మంలో నిలబడి చెమటలు కక్కుతూ ఉండేవారు. మా ఆయన పొద్దున్నే రైసుమిల్లుకు వెళితే చీకటి పడ్డాకే రావడం. రేపల్లెలో ఆ రెండు గదుల ఇంట్లో ఇక ఆవిడా, నేనూ. పెరట్లోకి వెళితే "అమ్మాయ్, ఉన్నావా?" స్నానం చేస్తుంటే తలుపు అవతల్నుంచి "ఉన్నావా?"

"ఉన్నానండి."

కోపం తెచ్చుకుందామంటే తప్పు ఆవిడది కాదు. అందుకే ఇంకా ఉక్కిరిబిక్కిరిగా ఉండేది.

నాకు చేతనైన పని చెక్కుడు. మా నాన్న తెనాలిలో ఒక స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని నాకూ నేర్పాడు. ఆయన పోయాక ఆ ఉలులు నేను తెచ్చుకున్నాను. ఇరుగుపొరుగువాళ్ళు బిందెలూ గిన్నెలూ తెస్తే పేర్లు చెక్కి ఇస్తుంటాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పిలిచి, చర్చికి కొత్తగా కొన్న ఇత్తడి కానుక పళ్ళేల అంచుల మీద ద్రాక్షతీగ చెక్కమన్నారు. స్త్రీల సమాజంలో ఒక టీచరుగారు వేసిన బొమ్మ చేతికిచ్చి, "అన్నీ ఒకేలా ఉండాలమ్మా, తేడా రాకూడదు" అన్నారు.

చిక్కంతా అక్కడే. పేర్లయితే చెయ్యి దానంతటదే పోతుంది. బొమ్మ అలా కాదు, కాగితం మీది గీత ఇత్తడి మీదికి దిగాలి. నాన్న దగ్గర ఎర్రటి మైనం కాగితం ఉండేది. దాన్ని రేకు మీద పరిచి, పైన బొమ్మ పెట్టి గీస్తే గీత రేకుని కరుచుకునేది, చెయ్యి తగిలినా చెరిగేది కాదు. అదెక్కడ కొనేవాడో నేనెప్పుడూ అడగలేదు. రేపల్లెలో దొరికిన నీలం కార్బన్ పేపరుతో గీస్తే ఇత్తడి మీద సరిగ్గా పడలేదు. పడిన కాస్తా నా అరచేతి చెమటకే పోయింది.

"తెనాలి వెళ్ళి వెతుక్కొస్తానండి" అన్నాను.

"నేనూ వస్తా" అన్నారు అత్తయ్యగారు.

ఒక్కదాన్నే రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళాలని నాకు ఎన్నాళ్ళ నుంచో ఆశ. తెనాలి వచ్చేదాకా ఆవిడ నా మోచెయ్యి వదల్లేదు.

నాన్న కూర్చున్న అరుగు ఇప్పుడు లేదు. ఆ కొట్లో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పుస్తకాల షాపులో అడిగితే, "కార్బన్ పేపరే ఎవరూ కొనట్లేదండి, మైనం కాగితం ఎక్కడుంటది?" అన్నారు. ఇంకో షాపులో లేజర్ మిషను ఉంది. షాపతను బొమ్మ చూసి, "పళ్ళేలు తెచ్చిచ్చేయండి అక్కా, సాయంత్రానికల్లా మిషను చెక్కేస్తది" అన్నాడు.

అత్తయ్యగారి మొహం విప్పారింది. "ఇచ్చెయ్యరాదూ, ఓ పనైపోద్ది."

"వద్దండి."

"ఎందుకే?"

ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ పనొక్కటేనని ఆవిడతో ఎలా అనను? బొమ్మ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బాపట్ల కాలేజీలున్న ఊరు, డ్రాయింగు సామాన్లు దొరకొచ్చని ఎవరో అంటే అక్కడికీ రైలెక్కాం. అక్కడా ట్రేసింగ్ పేపరు తప్ప ఏమీ లేదు. ఉత్త చేతుల్తో వెళ్ళలేక అదే కొన్నాను. కాళ్ళు పీకుతున్నాయని అత్తయ్యగారు మగ్గం వర్కు చేసే ఒక జాకెట్ల షాపు మెట్ల మీద కూలబడ్డారు. లోపల ఒకావిడ గుడ్డ మీద కాగితం పరిచి, దూదితో ఏదో రుద్దుతోంది.

"అదేంటమ్మా?" అని అడిగింది నేను కాదు, అత్తయ్యగారే.

"డిజైను దించుతున్నానండి పిన్నిగారూ. కాగితానికి సూదితో బెజ్జాలు పెట్టి, కిరసనాయిల్లో కలిపిన పొడి రుద్దితే కిందికి దిగుద్ది."

"ఇత్తడి మీదికి దిగుద్దా?"

ఆవిడ నవ్వింది. "ఎప్పుడూ చూళ్ళేదండి. చేసి చూడండి."

బస్సులో తిరిగొచ్చేశాం. మర్నాడు ఆ జాకెట్ల షాపావిడ చెప్పినట్టే చేస్తే కిరసనాయిలు ఇత్తడి మీద పాకి, తీగంతా మరకైపోయింది. నాన్న కాగితంలో ఉన్నది మైనమే కదా అనిపించి, ఈసారి పళ్ళెం అంచుకి కొవ్వొత్తి పల్చగా రుద్ది, బెజ్జాల కాగితం పరిచి, పొడి నీలిమందు దూదితో అద్దాను. కాగితం ఎత్తి చూస్తే చుక్కలు. ఆకు అంచులు, మెలికలు, పళ్ళ గుత్తులు, అన్నీ నీలం చుక్కల్లో. సూదిమొనతో చుక్కలు కలుపుకుంటూ గీత గీసి, దాని మీద ఉలి నడిపాను.

మొదట చిన్న ముక్కకే బెజ్జాలు పెట్టాను. అంచంతటికీ పెట్టాలంటే చాలా పని. "ఇటు తే" అని అత్తయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని సూది అందుకున్నారు. ఆ మధ్యాహ్నం నేను పెరట్లోకి వెళ్ళినప్పుడు లోపల్నుంచి పిలుపు రాలేదు. ఎంతసేపైనా రాలేదు. బట్టలుతికే రాయి మీద కూర్చుని ఊరికే గోడకేసి చూశాను. ఏం చెయ్యాలో తోచలేదుగానీ, లేవబుద్ధి కాలేదు.

ఆదివారం చర్చిలో పళ్ళేలు చేతులు మారాయి. ముందు వరసలో ఒకావిడ వేలితో తీగ తడిమి పక్కావిడకి చూపించింది. "మేమే చేశాం" అని అత్తయ్యగారు బయట అందరికీ చెప్పారు. కొలకలూరు నుంచి ఇంకో చర్చివాళ్ళొచ్చి అలాంటివే కావాలన్నారు.

ఇప్పుడు నేను చెక్కడానికి కూర్చుంటే ఆవిడా చాప తెచ్చుకుని నా మోకాలికి ఆనుకుని కూర్చుంటారు. ఇదివరకు సుత్తి మోతకి తలనొప్పని ముందు గదిలోకి వెళ్ళిపోయేవారు, ఆ కాసేపైనా నాకు మిగిలేది. ఇప్పుడదీ లేదు. ఆవిడ మాత్రం బాగా నిద్రపోతున్నారు, తింటున్నారు. మా ఆయన చూసి సంతోషిస్తున్నాడు.

మొన్న ధైర్యం చేసి అడిగాను. "అత్తయ్యగారూ, ఒక్కరోజు నేనొక్కదాన్నే తెనాలి వెళ్ళొస్తానండి."

సూది ఆగింది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టడం చూశాను. "వద్దులెండి" అనబోయాను.

"వెళ్ళు" అన్నారు తలెత్తకుండానే. "పక్కింటావిణ్ణి కూర్చోమని అడుగుతాలే."

పక్కింటావిడకి చుట్టాలొచ్చారు. తర్వాత ముసురు పట్టింది. అత్తయ్యగారింకా అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.