తాతగారి మీద కప్పిన బట్టలు

మా సందు మొదట్లో నేతబట్టల కొట్టు నడిపిన తాతగారు పోయారని మొన్న ఆదివారం కబురు అందింది. పంతులమ్మగా చేరినప్పటి నుంచి నేను తాడేపల్లిగూడెంలోనే ఉంటున్నాను. కబురు తెచ్చిన మా నాన్న గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండానే చెప్పాడు. ఇద్దరం అందిన రైలెక్కి ఏలూరు వెళ్లాం.

ఆయన మాకు చుట్టం కారు. మాది కొల్లేటి లంకల నుంచి వచ్చి ఏలూరు కాలవగట్టున ఇల్లు వేసుకున్న కుటుంబం. అమ్మ చేపల గంప ఎత్తుకుని వీధులు తిరిగేది. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషిని నేనే. నేను చదువుకోవడంలో ఆయన చెయ్యి ఎంత ఉందో ఈ నాలుగు మాటలు చదివేవారికి చెప్పాలనిపించింది.

ఆయన కొట్లో చేత్తో నేసిన బట్ట తప్ప మరొకటి ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్లలో మగ్గాల దగ్గరికి స్వయంగా వెళ్లి తెచ్చుకునేవారు. కొట్లో అడుగుపెడితే గంజి వాసన వేసేది. గజానికి బెత్తెడు ఎక్కువ వదిలి కోసేవారు. "ఉతికితే ముడుచుకుంటుందమ్మా, తరవాత నన్ను తిట్టుకోకండి" అని బేరం తెగకముందే చెప్పేసేవారు.

"ఆ మాట కోశాక చెప్పకూడదుటండీ?" అని లోపలి నుంచి మామ్మగారు, ఆయన భార్య, దెప్పేవారు.

విదేశీ బట్ట కొనవద్దని ఊళ్లో సభలు జరిగిన ఏడాది ఆ కొట్టు కిటకిటలాడింది. తరవాత జపాను బట్ట వచ్చింది. నున్నగా ఉండేది, పువ్వుల అచ్చులుండేవి, ధర సగమే. దాన్ని అమ్మే కొట్టు సరిగ్గా ఎదురుగానే వెలిసింది. సభల్లో ముందు వరసన కూర్చుని పాటలు పాడిన ప్లీడరుగారి భార్య ఒకరోజు తాతగారి చీరలన్నీ విప్పించి చూశారు.

"ఏవండీ తాతగారూ, ఎదుటికొట్లో ఇందులో సగానికే ఇస్తున్నారండీ. మీరూ కాస్త చూసి వేసుకోండి."

"ఇది నేసినవాడు సగం కడుపుకే తింటున్నాడమ్మా. ఇంకెక్కడ తగ్గించమంటారు?"

"దేశం మీద అభిమానం లేక కాదండీ."

"తెలుసమ్మా. దానికి ధర లేదు గనకే అందరి దగ్గరా ఉంది."

ఆవిడ నవ్వేసి వీధి దాటారు. ఆయన చీరలు మళ్లీ మడతలు పెట్టుకున్నారు.

నన్ను పై తరగతుల బడిలో వేసినప్పుడు పరికిణీ గుడ్డ కోసం అమ్మ ఆయన దగ్గరికే తీసుకెళ్లింది. ఆయన బట్ట తాను విప్పబోయి ఆగిపోయారు.

"నీ డబ్బుకి నా దగ్గర ఒకటే వస్తుందమ్మాయ్. ఎదుటికొట్లో రెండొస్తాయి. ఒకటే అయితే అది ఉతికిన రోజు పిల్ల బడి మానేస్తుంది. అక్కడికే వెళ్లు."

"తమ కొట్టు ఎదురుగా పెట్టుకుని అక్కడికెలా వెళ్లేది బాబుగారూ?"

"నేను చూడనులే, వెళ్లు." అని నిజంగానే గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను బడి మానలేదు.

"లేనివాళ్లు కొనలేరు, ఉన్నవాళ్లు కొనరు" అని తరచూ అనేవారు. కోపంగా కాదు, వాన రాలేదని రైతు చెప్పుకున్నట్టు. గిరాకీ లేక ఆయన కొనడం తగ్గించేకొద్దీ ఆ ఊళ్లలో మగ్గాలు ఆగిపోతూ వచ్చాయి. తెల్లబట్ట నేసే ముసలాయన, గణపవరం వైపు మనిషి, చివరికి మగ్గం విప్పేసి కూలికి పోయాడు. ఆ తరవాత కొట్లోకి తెల్లబట్ట రాలేదు. పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి తాతగారు ఖాళీ అరల మధ్య కూర్చుని ఉన్నారు.

"మీ బళ్లో పంతులమ్మలు ఏం కడుతున్నారమ్మాయ్?"

"మిల్లు చీరలేనండీ."

"మరి నువ్వు?"

"ఏడాదికొకటి మీ దగ్గరదేనండీ."

"అయితే ఏడాదికొక గిరాకీ ఖాయం. కొట్టు మూయకూడదన్నమాట" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మా వైపు పోయినవారిని చూడవచ్చేవాళ్లు కొత్త తెల్లబట్ట తెచ్చి మీద కప్పుతారు. తాతగారంటే ఊరికి గౌరవం. చాలామంది వచ్చారు. ఎదుటికొట్టాయన మర్యాదగా పొద్దుటే తలుపులు మూశారు. కాని బట్టల కోసం జనం వచ్చి పిలుస్తుంటే, తలవంచుకుని ఒక రెక్క తీశారు. అందరూ అక్కడే కొన్నారు. ఒకదాని మీద ఒకటి కప్పారు. ప్రతి బట్ట చివరా విదేశీ కంపెనీ నీలిముద్ర. ప్లీడరుగారి భార్య కూడా ఒకటి కప్పి, నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చారు. నేనూ నాన్నా వట్టి చేతులతో నిలబడ్డాం. ఆ వీధి దాటడానికి మాకు కాళ్లు రాలేదు.

అప్పుడు మామ్మగారు లోపలి నుంచి ఆయన రోజూ కట్టే పంచ ఉతికినది తెచ్చారు.

"పాతది పనికిరాదమ్మా, కొత్తదే ఉండాలి" అన్నారు ఒక పెద్దాయన.

"కొత్తది ఎక్కడుందండీ? ఆయన కొట్లోనే లేదు."

కప్పినవన్నీ తీయించి, ముందుగా ఆ పంచ ఆయన ఒంటికి చుట్టించారు మామ్మగారు. వాటిని మళ్లీ పైన కప్పారు.

ఆడవాళ్లం కాలవగట్టు దగ్గర ఆగిపోయాం. పాడె ముందుకు సాగింది. గాలికి పైబట్టలు లేస్తుంటే పక్కన నడిచేవాళ్లు సర్దుతున్నారు. ఒకవైపు సర్దితే మరోవైపు ఏదో ఒక అంచు లేచి, దాని మీది నీలిముద్ర ఎండలో కనిపిస్తూనే ఉంది, గట్టు మలుపు తిరిగేదాకా.