మా ల్యాబు నుంచి అశోక్‌నగర్ దాకా

అవి తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. బంద్ లేని శనివారం చూసుకుని విజయవాడలో పొద్దున్నే ఆరింటి బండి ఎక్కాను. పని ఒక్కటే: చెప్పాపెట్టకుండా మా పరిశోధనశాల వదిలి వెళ్ళిపోయిన స్వరూపను వెనక్కి పిలవాలి. సోమవారంలోగా రాకపోతే ఆమె సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానని మా గైడుగారు తేల్చేశారు. అప్పుడు మట్టి నమూనాల మీద ఆమె రెండేళ్ళు పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఎందుకు వెళ్ళిందో మాకు అర్థమైతే ఒట్టు. సారు బెంగళూరులో ఏదో సదస్సుకి వెళ్ళొచ్చాక, ల్యాబులో అన్ని ప్రాంతాలవాళ్ళూ, అన్ని కులాలవాళ్ళూ ఉండాల్సిందేనన్నారు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన స్వరూపను ఏరికోరి తీసుకున్నారు. ‘మా ల్యాబు అందరిదీ’ అని తలుపు మీద బోర్డు కూడా పెట్టించారు. కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాం. మేమంతా ఒసేయ్, ఒరేయ్ అని పిలుచుకునేవాళ్ళమే గాని, ఆమెను మాత్రం ‘స్వరూప గారూ, మీరు’ అనేవాళ్ళం. ఇంతకన్నా ఏం చెయ్యాలండీ?

ఖమ్మంలో ఎక్కిన పెద్దావిడ ఒకామె నా ఎదురుగా కూర్చుని, జామకాయ కోసి సగం నా చేతిలో పెట్టింది. కాజీపేట ముందు బండి ఆగిపోయింది. "మన బండి గింతే బిడ్డా, ఈడికొచ్చినంక పండుకుంటది" అంది. రైలును ఆమెకి ఎవరు రాసిచ్చారో గాని, ముక్కూ మొహం తెలియని నన్ను కూడా దానికి హక్కుదారును చేసేసింది.

సికింద్రాబాద్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. చిక్కడపల్లికి టికెట్ కొట్టించుకుని సిటీ బస్సులో దిక్కులు చూస్తూ కూర్చుంటే నారాయణగూడ వచ్చేసింది. కండక్టరు నింపాదిగా, "చిక్కడపల్లి ఎప్పుడో పాయె అక్కా" అన్నాడు. దిగి, ఆమె హాస్టల్ స్నేహితురాలు రాసిచ్చిన అశోక్‌నగర్ చిరునామా పట్టుకుని వెనక్కి నడిచాను. అడుగుతూ పోతే దారి తెలుస్తుందంటారు. నాకు అడిగినకొద్దీ దారులు పెరిగాయి. ఒకరు కుడివైపన్నారు, ఇంకొకరు జర ముందుకు పొమ్మన్నారు. మీరెప్పుడైనా వెళ్తే లైబ్రరీ ఎక్కడని అడగండి, అందరూ ఒకే వైపు చూపిస్తారు. అది దాటితే అశోక్‌నగర్ సందులే. గోడలనిండా గ్రూప్స్ కోచింగ్ బోర్డులు, అడుగుకో జిరాక్స్ షాపు. ఒక మెస్సులో నలభై రూపాయలకి భోజనం చేశాను. పప్పు బాగుంది, పెరుగు నీళ్ళే.

స్వరూప ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి మూడో అంతస్తులో గది కిరాయికి తీసుకుంది. గ్రూప్స్‌కి చదువుతోందట. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, చాయ్ ఇచ్చింది. నేను వచ్చిన పని చెప్పాను. "మా ల్యాబుకి వచ్చేయండి స్వరూప గారూ. మావాళ్ళెవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవ్వరేమనలె అక్కా," అంది. "రెండేండ్లాయె, మీరింకా మా ల్యాబనే అంటున్నరు. బోర్డు మీద గూడ గదే. బీకర్లు కడిగే వంతుల నన్నెన్నడు పెట్టకపోతిరి. చుట్టంలెక్క చూసుకున్నరు. చుట్టం ఎన్ని రోజులుంటది?"

మర్యాద చెయ్యడం కూడా తప్పేనా? పని చెప్పకపోవడం మంచితనం కాదా? అయితే మేం కబుర్లన్నీ చెప్పుకునేది ఆ బీకర్ల తొట్టి దగ్గరే. అది నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఇంతలో పక్కనుంచి ఒకమ్మాయి, ఇయ్యాల గిన్నెలు నీ వంతేనని స్వరూపను కేకేసింది. "వస్తున్ననే" అంటూ లేచిన ఆ పిల్ల మొహంలో ఉన్న కళ మా ల్యాబులో నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో సరిగ్గా తెలియలేదు.

బస్‌స్టాప్ దాకా తోడొచ్చింది. "మన ల్యాబుకి..." అని మొదలుపెట్టాను గాని, అరువు తెచ్చుకున్న మాటలా ఉండి మధ్యలోనే ఆపేశాను. ఆమె నవ్వింది. "సోమారం దాక చూస్త అక్కా. సార్ ఒక్కసారన్న ఫోన్ చేయలె" అని, పైలం అంటూ జాగ్రత్త చెప్పి బస్సెక్కించింది.

సాయంత్రం బండి కాజీపేట దాటుతుండగా సారే నాకు ఫోన్ చేశారు, ఆ అమ్మాయి వస్తుందా రాదా అని. బోర్డన్నాను, బీకర్లన్నాను, చుట్టమన్నాను. నాకే పొంతన కుదరలేదు. ఆయన విసుక్కున్నారు.

"మన ల్యాబులో ఏం తక్కువైందమ్మా ఆ అమ్మాయికి?"

మన. నాతో ఆయన మొదటి రోజు నుంచీ అలాగే అంటున్నారు. నాకు ఇవాళే వినబడింది.

"సార్, ఆ మాటేదో ఒకసారి ఆమెకే ఫోన్ చేసి అనండి" అన్నాను.

"ఏ మాట?" అన్నారు సారు.