అమావాస్య పాటించిన విమానాలు

ఆ రోజుల్లో ఒక సంగతి తెలుసుకోవాలంటే దానికోసం కాచుకొని కూర్చోవలసి వచ్చేది. అలా కాచుకొని కూర్చున్నవాడికి ఆ సంగతి మీద తనకేదో హక్కు ఏర్పడినట్లు అనిపించేది. అడిగిన మరుక్షణం జవాబు దొరికే ఈ కాలంవారికి ఈ మాట వింతగా తోచవచ్చు. అరవయ్యో దశకంలో, అనకాపల్లి బెల్లం మార్కెట్టులోని ఒక కమీషను కొట్లో గుమస్తాగా కూర్చుని, ఏ దేశపు కర్మాగారం ఎన్నో నంబరు జెట్ విమానాన్ని తయారుచేసిందో, దానిని ఏ విమాన సంస్థకు ఏనాడు అప్పగించిందో వరుస తప్పకుండా రాసిపెట్టుకున్న మనిషి ఈ ప్రాంతంలో నేనొక్కడినేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. (సవినయంగా అన్నది అలవాటు కొద్దీ పడిన మాట. నిజానికి గర్వంగానే చెబుతున్నాను.)

ఆ పద్ధతి నేను కనిపెట్టినది కాదు. మా కొట్లో సరుకు దిగిన పుస్తకం ఒకటి ఉండేది. బండి వచ్చిన తేదీ, లాటు నంబరు, దిమ్మల రంగు, కొన్నవారి పేరు, సరుకు ఎత్తిన తేదీ అని అందులో ఐదు గడులు. అదే కొలతకు ఇంకొక పుస్తకం గీసి, బెల్లం ఉండవలసిన చోట విమానాలు రాశాను. రంగు గడిలో "తోక మీద ఎర్ర చార, పొట్ట వెండి" అనీ, ఎత్తిన తేదీ గడిలో పైలట్లు వచ్చి విమానాన్ని తీసుకుపోయిన రోజూ ఉండేవి. కర్మాగారం నుంచి బయటికి వచ్చినా ఇంకా ఎవరూ తీసుకుపోని వాటికి ఎదురుగా "నిలవ" అని రాసేవాడిని. ఒకనాడు మా షావుకారుగారు పొరపాటున ఆ పుస్తకం తెరిచి చాలాసేపు చూశారు.

"ఒరే, ఈ నూట పన్నెండో లాటు ఎవుడిదిరా? కొన్నోడు ఇంకా ఎత్తుకుపోలేదేటి?"

"అది బెల్లం కాదండి, విమానమండి."

"ఇమానం మన కొట్లో ఎందుకు దిగిందిరా?"

"ఇక్కడ దిగలేదండి. అమెరికాలో దిగిందండి. రాసుకున్నానంతే."

ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చి, "దిగని సరుకు రాసేవోడిని నిన్నే సూత్తన్నాను" అని కాటా దగ్గరకు వెళ్ళిపోయారు. కోప్పడలేదు. అందుకు ఈనాటికీ ఆయనకు కృతజ్ఞుడిని.

ఈ సమాచారమంతా నాకు తెచ్చిపెట్టేవాడు పార్సిల్ బావ. మాకు చుట్టరికం లేదు. వాళ్ళు క్రైస్తవులు, తల్లి ఊళ్ళో మంత్రసాని. మా వైపు ఈడువాళ్ళు ఒకరినొకరు బావా అనుకోవడానికి చుట్టరికం అక్కరలేదు. అతడు రైల్వే స్టేషనులో పార్సిలు గుమస్తా. బెల్లం బుట్టలు రైలెక్కించడానికి నేను వెళ్ళేవాడిని, లెక్కపెట్టి చీటీలు అంటించడానికి అతడు ఉండేవాడు. పరిచయం అలా కలిసింది. అతడి చిన్నాన్న కలకత్తాలో విమానాల మరమ్మతు షెడ్డులో మేస్త్రీ. అక్కడ అధికారులు చదివి పారేసిన విదేశీ విమాన పత్రికలను ఆయన కట్టకట్టి కొడుకు వరస వాడికి పంపేవారు. ప్రతి పత్రికలోనూ చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో ఆ నెల అప్పగింతల పట్టిక ఉండేది. శనివారం సాయంత్రం మేమిద్దరం పార్సిలు ఆఫీసు బల్ల మీద ఆ పట్టిక పరచుకునేవాళ్ళం. అతడు చదివేవాడు, నేను రాసేవాడిని.

"రాసుకో బావా. నూట నలభై. జపానోళ్ళు ఎత్తేరు."

"తేదీ?"

"సెప్తాను కదా, ఊరుకో. రైలు తప్పిపోద్దేటి నీకు?"

ఇక్కడ నా రహస్యం ఒకటి చెప్పాలి. నాకు పుస్తకం మీద ఉన్న ప్రేమ వట్టి ప్రేమ కాదు. చిన్నాన్నగారు తమ షెడ్డులో నన్ను అప్రెంటిసుగా చేర్పించడానికి ప్రయత్నిస్తానని ఉత్తరం రాశారు. "ఇన్ని నంబర్లు కంఠస్థమైన కుర్రాడు మాకు పనికొస్తాడు" అని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఉత్తరాన్ని పుస్తకం అట్ట లోపల అతికించుకున్నాను. ఒక్కొక్క విమానం రాసిన కొద్దీ కలకత్తాకు ఒక్కొక్క అడుగు దగ్గరవుతున్నట్లు ఉండేది. వయసు మాత్రం గడిచిపోతోంది; అప్రెంటిసులకు ఒక వయోపరిమితి ఉంది, దానికి నాకు ఇంకా ఏడాదిన్నర మిగిలింది.

ఆ సమయంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. నెల పైగా మంచాన పడ్డాను. మనిషి దక్కుతాడో లేదో తెలియదని డాక్టరుగారు మా అమ్మతో అన్నారట. లేచి కూర్చోగలిగిన మొదటి రోజు పార్సిల్ బావ వచ్చాడు. చేతిలో పత్రిక లేదు. మడత పెట్టిన కాగితం ముక్క ఒకటి ఉంది.

"ఇకమీద పుస్తకాలు ఆపీసరు దాసుకుంటాడంట బావా. సిన్నాన్న లిస్టు మటుకు సూసి, ఉత్తరంలో రాసి పంపుతానన్నాడు. నేను నీకు ఎత్తి రాసి తెత్తాను."

"నా సంగతి ఏమైనా రాశారా?"

"ఆగమన్నాడు. సేత్తన్నాడంట. ముందు గంజి తాగు."

ఆనాటి నుంచి పద్నాలుగు నెలలపాటు అతడు చీటీలు తెచ్చాడు, నేను పుస్తకంలోకి ఎక్కించాను. అవి పత్రికలోని పట్టికల కంటే ఎంతో బాగుండేవని ఒప్పుకోవాలి. పత్రికలో నంబరు, పేరు, తేదీ తప్ప ఏముంటాయి? ఈ చీటీల్లో "తలుపు దగ్గర చిన్న సొట్ట, తీసుకున్నవారు అభ్యంతరం రాసి సంతకం చేసిరి" అని ఒకచోట ఉండేది. "వాన మూలాన అప్పగింత సాయంత్రం వరకు ఆలస్యము" అని మరొకచోట. ఒక విమానాన్ని తీసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, దాని ముక్కు మీద చెయ్యి వేసి చూసుకున్నాడట. చిన్నాన్నగారికి ఇన్ని వివరాలు ఎలా తెలిశాయని నేను ఒక్కసారైనా అడగలేదు. వివరం ఎంత ఎక్కువైతే రికార్డు అంత గొప్పదని నమ్మేవాడిని. (ఇప్పటికీ నమ్ముతాను. అదే నా జబ్బు.)

సంవత్సరాంతంలో పుస్తకానికి ఒక సూచిక తయారుచేయాలని సంకల్పించాను. ఏ నెలలో అప్పగింతలు ఎక్కువో ఒక్క చూపులో తెలియాలని, కొట్లో ఒకే మేకుకు వేలాడే కిందటేటి, ఈయేటి క్యాలెండర్లను దింపి, విమానం అప్పగించిన ప్రతి తేదీ మీదా నీలి సిరా చుక్క పెట్టుకుంటూ పోయాను. మా మార్కెట్టుకు అమావాస్య సెలవు; ఆ తేదీల చుట్టూ షావుకారుగారు ముందే సున్నాలు చుట్టి ఉంచారు. చుక్కలన్నీ పెట్టాక చూద్దును గదా, ఒక్క సున్నాలోనూ చుక్క పడలేదు. పద్నాలుగు అమావాస్యల్లో ఏ దేశమూ ఏ విమానమూ తీసుకోలేదు. ఆదివారాలు కూడా ఖాళీ. తుపానుకు మా స్టేషనులో రైళ్ళు ఆగిపోయిన నాలుగు రోజులూ అమెరికాలో, ఇంగ్లండులో కర్మాగారాలు స్తంభించిపోయాయి. పాత పత్రికల నుంచి రాసిన అంతకు ముందరి ఏడాది చూస్తే, అమావాస్యనాడు ఆరు విమానాలు ఏ శంకా లేకుండా ఎగిరిపోయాయి.

నాకు దుఃఖం కలగలేదు. ఆగ్రహం కలిగింది. నా పుస్తకంలో అబద్ధం చేరింది. ఒకటి కాదు, అరవై మూడు. ఆ రాత్రే ఠావు కాగితం మీద పదకొండు అభియోగాలు క్రమసంఖ్యలతో రాశాను. మరునాడు పార్సిలు ఆఫీసుకు వెళ్ళి, హమాలీలు, మరో ఇద్దరు గుమస్తాలు వింటుండగా నిలబడి చదివాను. మూడో అభియోగం దగ్గర ఒక హమాలీ నవ్వాడు. "అమెరికాలో పంతులుగారున్నారేటి, అమాస సెప్పడానికి?" అందరూ నవ్వారు. పార్సిల్ బావ కూడా నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు.

"కాళీ కాయితం ముందేసుకుని తేదీలు పుట్టించడం నా వల్ల కాలేదు బావా. పార్సిలు పుస్తకం తెరిసి, ఏ రోజు సరుకు దిగిందో ఆ రోజు ఇమానం దించేసేను."

"అయితే ఇవన్నీ అబద్ధాలని ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకోక ఏటి సేత్తాను? నువ్వు లెక్క కట్టేవు కదా."

"ఎందుకు చేశావు?"

అతడు ఒక బుట్ట మీద అంటించిన చీటీ మూల ఊడిపోతే దానిని బొటనవేలితో అదిమి పెట్టాడు. "కొట్టేసుకో బావా. ఎర్ర సిరాతో కొట్టేసుకో" అన్నాడు. నేను అభియోగాల కాగితం మడిచి బల్ల మీద పెట్టి, ముట్టినట్లు సంతకం కూడా తీసుకున్నాను. అతడు చేసిపెట్టాడు.

అటు తర్వాత నేను స్టేషనుకు వెళ్ళడం మానేసి, బుట్టల వెంట వేరే మనిషిని పంపాను. రెండు నెలలకు అతడు కోరి బదిలీ చేయించుకుని రాయగడ వైపు ఏదో అడవి స్టేషనుకు వెళ్ళిపోయాడని తెలిసింది. అతడి సొత్తు నా దగ్గర ఉండకూడదని పాత పత్రికలన్నిటినీ నెలల వారీగా కట్టి, జాబితా రాసి, వాళ్ళ అమ్మగారికి అప్పగించడానికి వెళ్ళాను. రసీదు మీద సంతకం చేయమన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని జాబితా అంతా ఓపికగా చదివింది.

"ఇయ్యి మా మరిది పంపిన పుస్తకాలు కదా బాబూ. పాపం, పోయినోడి గురుతులు."

పోయినవాడు అంటే నాకు అర్థం కాలేదు.

"నీకు తెల్దా? నువ్వు టైపాయిడుతో మంచాన ఉన్న నెల్లోనే కదా పోయేడు. షెడ్డులో మీదనించి పడిపోయేడు. మావోడు ఒక్కడే ఎళ్ళి మట్టి సేసి వచ్చేడు. నీకు సెప్పమంటే, ఇప్పుడు కాదమ్మా, ఆడు కలకత్తా ఎళ్తానని లేచి కూకుంటన్నాడు, ఇప్పుడు సెప్తే మళ్ళీ పడుకుండిపోతాడు, అన్నాడు. మరి తరవాతయినా సెప్పేడనుకున్నాను."

చెప్పడానికి అతడికి ప్రతి శనివారమూ అవకాశం వచ్చింది. ప్రతి శనివారమూ నేను చేతిలో కలం పట్టుకుని, ముఖం వెలిగించుకుని, "నా సంగతి ఏమైనా రాశారా?" అని అడుగుతూ ఎదురుగా కూర్చున్నాను. నేను పట్టుకున్నది అరవై మూడు చిన్న అబద్ధాలను. వాటి వెనక దాచి ఉంచిన ఒక్క పెద్ద అబద్ధం, కలకత్తాలో నాకోసం ఎవరో ప్రయత్నిస్తున్నారన్నది, నా సూచికకు అందలేదు. అప్పటికి వయోపరిమితి దాటి పదిహేడు రోజులైంది. ఆవిడ రసీదు మీద సంతకం చేసి ఇచ్చింది. నేను దానిని జేబులో పెట్టుకున్నాను. తీసుకోకుండా రావాలని కూడా నాకు తోచలేదు.

క్షమాపణ ఉత్తరం తొమ్మిదిసార్లు చిత్తు రాశాను. (అన్నీ ఉన్నాయి.) మొదటి ఎనిమిదింటిలో ఎంత తప్పించుకుందామన్నా రెండో పేరాలో నేనే న్యాయవంతుడిని అయిపోతున్నాను. తొమ్మిదోది నాలుగు వాక్యాలు; అది పంపాను. కార్డు మీద జవాబు వచ్చింది. "బావా, ఇక్కడ అన్నీ దుంగలే ఎక్కుతున్నాయి. ఒక్కటీ ఎగిరేలాగ లేదు. నువ్వొకసారి వచ్చి సూసి, బాగా లేకపోతే తిట్టి వెళ్ళు." బెల్లం సీజను అయిపోగానే వస్తానని తిరుగు టపాలో రాశాను. సీజను మధ్యలో సెలవు అడగడం పద్ధతి కాదు. ఆ అడవుల్లో మలేరియా జ్వరం పద్ధతులు చూడదు. సీజను ముగియడానికి మూడు వారాల ముందు వాళ్ళ అమ్మగారు కొట్టుకు వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి కొడుకు పోయిన కబురు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ అరవై మూడు పద్దులను అతడు చెప్పినట్లు ఎర్ర సిరాతో కొట్టివేయాలని ఎన్నోసార్లు కలం తీశాను. రికార్డు రికార్డే గదా. తీసిన ప్రతిసారీ చదువుతూ కూర్చుని, సిరా ఆరిపోయాక మూసేవాడిని. నేను ఎన్నడూ అబద్ధం రాయని మనిషినని పిల్లలకూ మనుమలకూ చెప్పుకునే ఈ వయసులో, పోయిన నెల ఒక మధ్యాహ్నం ఏం బుద్ధి పుట్టిందో, పుస్తకం తెరిచి, అతడి చివరి పద్దు కింద గీత గీసి, అరవై నాలుగోది నేనే కల్పించడానికి కూర్చున్నాను. నంబరు సులభంగానే వచ్చింది. ఎవరికి ఇవ్వాలో తోచడానికి గంట పట్టింది. తీసుకోవడానికి వచ్చినవాడు ఏం చేశాడు, వాన పడిందా లేదా, ఏ తలుపుకు ఏ సొట్ట, అని కళ్ళు మూసుకుని ఎంత ఆలోచించినా నాకు ఒక్కటీ కనబడలేదు. కాఫీ చల్లారిపోయింది. మా ఇంటావిడ రెండుసార్లు వచ్చి, "ఏటి, వొంట్లో బాగోలేదా?" అని చూసి వెళ్ళింది. సాయంత్రం అయ్యేసరికి ఒక్క వాక్యం తయారైంది: "విమానము సక్రమముగా అప్పగించబడినది." చదువుకుని నాలో నేనే నవ్వుకున్నాను. దానిని ఎవరు చూసినా అబద్ధమని ఇట్టే పట్టేస్తారు.