నా కంటికి అమ్మ పత్యం

జీన్సు ప్యాంటు అంచు మడిచి కుడుతుంటే మిషను సూది విరిగి, ముక్క ఎగిరొచ్చి నా కుడికంట్లో గుచ్చుకుంది. ఉరవకొండలో ఇరవై ఏళ్లుగా దర్జీ పని చేస్తున్నవాణ్ణి సూదే పొడిచిందంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. అనంతపురం ఆసుపత్రిలో నల్లగుడ్డుకు కుట్లు వేశారు. చూపు ఎంత మిగులుతుందో గాయం మానాక గాని చెప్పలేనన్నాడు డాక్టరు. సూదిలో దారం ఎక్కించలేని దర్జీకి ఎవరు బట్టలిస్తారు? భయం వేసింది.

తిండి గురించి డాక్టరు గట్టిగానే చెప్పాడు. పప్పు, గుడ్లు, ఆకుకూరలు బాగా తినాలి. మలబద్ధకం రాకూడదు, ముక్కితే కంటి మీద ఒత్తిడి పడుతుంది. కొన్నాళ్లు గట్టివి కొరకకూడదు. చివరిదానికి నేను జంకలేదు. మా రాగిసంగటి నమిలేది కాదు, మింగేది. వేయించిన శెనక్కాయలు మానడమే ప్రాణం మీదికొచ్చింది.

ఇంట్లో అమ్మ చట్టం వేరే.

"పప్పు తింటే చీము పడ్తాదిరా. గుడ్డు ఉష్ణం. వంకాయ దిక్కే చూడొద్దు. నలభై దినాలు మిరియాల చారు, అన్నం. అంతే."

"డాక్టరు తినమన్నాడు."

"ఆయప్పకేం తెలుసు? నిన్ను కనింది ఆయప్పా, నేనా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ పత్యంతో నా కన్ను పోగొట్టుకోవాల్నా?" అని అరిచాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. మర్నాటి నుంచి నా కంచంలోకి పప్పూ గుడ్డూ వచ్చాయి. నెగ్గానని సంబరపడ్డాను.

మూడు వారాలకు నా భార్య చెప్పింది. "మీయమ్మ పప్పు ముట్టి ఇరవై దినాలయింది. పూటకింత చారన్నమే తింటాండాది. అడిగితే, వాని పత్యం నేను చేస్తాండా అంటాది."

మా వైపు పాలు తాగే బిడ్డకు జబ్బు చేస్తే తల్లి పత్యం ఉంటుంది. నాకేమో నలభై ఆరు. వెళ్లి చూస్తే, ఉగాదికి నేనే కొలతలు తీసి కుట్టిన రవిక ఆమె భుజాల దగ్గర రెండు వేళ్లు వదులైంది. ఇరవై రోజులూ ఇది చూడనందుకు సిగ్గేసింది.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాను.

"నువ్వు తిను నాయనా. మందు నువ్వేసుకో, పత్యం నేను చేస్తా. కన్ను బాగయిందని ఆ డాక్టరు చెప్పినాకనే నేను పప్పు తినేది."

ఎంత బతిమాలినా వినలేదు.

నలభై రోజులకు మళ్లీ చూపించుకున్నాను. ఆసుపత్రి బల్ల మీదే కూచుని, ఎడమ కన్ను మూసి, జేబులోని సూది తీసి దారం ఎక్కించాను. మూడోసారికి ఎక్కింది. "చూపు నిలబడింది, బాగా తిన్నావు. ఇంకో నెల చుక్కల మందు వెయ్యి, ఇదే తిండి తిను," అన్నాడు డాక్టరు.

అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమన్నాడు?"

"అంతా మానిపోయిందన్నాడు. మందు కూడా వద్దన్నాడు."

ఆ పూట అమ్మ రెండుసార్లు పప్పు వడ్డించుకుంది. నేను మాత్రం చుక్కల సీసా అంగట్లో దారాల డబ్బా వెనక దాచి, నెల పొడుగునా దొంగతనంగా వేసుకున్నాను.